మొరాయించే పిస్టల్: లోపం ఎవరిదో తేల్చేదెలా?

ప్రశ్న: మాది చీమకుర్తి. గ్రానైట్ పాలిషింగ్ యూనిట్ నడుపుతున్నాను. ఆత్మరక్షణ కోసం లైసెన్సు పొంది, .32 బోరు సెమీ ఆటోమేటిక్ పిస్టల్ కొని ఇరవై రెండు నెలలైంది. మొదటి నుంచీ అది మధ్య మధ్య జామ్ అవుతోంది. రెండుసార్లు డీలరు దగ్గర రసీదు లేకుండా వదిలి వచ్చాను. "కొత్తది కదా, ఇంకొన్ని తూటాలు కాల్చండి, అదే కుదురుకుంటుంది" అంటున్నారు. ఒక రాత్రి ఒంగోలు నుంచి కూలీల డబ్బుతో వస్తుంటే ఇద్దరు బైకు అడ్డం పెట్టారు. పిస్టల్ తీసి స్లైడ్ (పైన కదిలే భాగం) లాగితే తూటా సగంలో ఇరుక్కుంది. వెనక లారీ రాబట్టి బతికాను. అప్పటి నుంచి నాకు నిద్ర లేదు. డీలరు మీద క్రిమినల్ కేసు పెట్టి పది లక్షలు పరిహారం కోరవచ్చా? తెలిసిన లేత్ మేస్త్రీ లోపల గరుకు అరగదీసి బాగుచేస్తానంటున్నారు. క్వారీలో కాల్చి చూసిన వీడియోలు, డీలరు పంపిన వాట్సాప్ సందేశాలు ఉన్నాయి.

జవాబు: మీ ఉత్తరంలో ఎక్కువ భాగం ఆ రాత్రి గురించే ఉంది. మీ కేసు మాత్రం దాని మీద నిలబడదు. తూటా ఇరుక్కోవడానికి కారణం పిస్టలా, తూటాలు నింపే మ్యాగజైనా, తూటాయా, మీ వాడకమా అన్న ప్రశ్నకు నిపుణుడి నివేదిక ఉంటే గెలుస్తారు, లేకపోతే ఓడిపోతారు. ఆ సంఘటన మీద పోలీసులకు ఫిర్యాదు చేసినట్టు మీరు రాయలేదు. చేయకపోతే, ఎదుటి న్యాయవాది మిమ్మల్ని అడిగే మొదటి ప్రశ్న అదే. డీలరు మోసగించే ఉద్దేశంతోనే అమ్మారని చూపే ఆధారమేదీ మీ ఉత్తరంలో లేదు కాబట్టి క్రిమినల్ కేసు ఆలోచన వదిలేయండి.

సెమీ ఆటోమేటిక్ పిస్టల్‌లో తూటా పేలిన బలంతోనే స్లైడ్ వెనక్కి వెళ్లి, ఖాళీ తొడుగును బయటికి విసిరి, తిరిగి ముందుకు వస్తూ మ్యాగజైన్‌లోని తర్వాతి తూటాను లోపలికి నెడుతుంది. ఈ వరసలో పని ఎక్కడ ఆగినా మీరు జామ్ అనే అంటున్నారు, కానీ ఆగిన చోటును బట్టి బాధ్యుడు మారతాడు. ఒక మ్యాగజైన్ పెట్టినప్పుడే తూటా అడ్డం తిరుగుతుంటే అనుమానం దాని అంచుల మీదికి, స్ప్రింగు మీదికి పోతుంది. తూటా అడుగును కొట్టే ఫైరింగ్ పిన్ను గుర్తు లోతుగా పడినా పేలకపోతే తూటాను, గుర్తు పలచగా పడుతుంటే పిన్నును, దాని స్ప్రింగును అనుమానించాలి. చేత్తో లాగినప్పుడు మొదటి తూటాయే ఇరుక్కుంటే, స్లైడ్‌ను పూర్తిగా లాగి వదలకుండా చేయి అడ్డుపెట్టారన్న వాదన తప్పక వస్తుంది; మీ రాత్రి సంఘటన సరిగ్గా అలాంటిదే. ప్రభుత్వ ఆయుధ కర్మాగారాలను నడిపిన ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ బోర్డు స్థానంలో 2021 అక్టోబరు 1 నుంచి ఏడు కంపెనీలు వచ్చాక, ప్రభుత్వ రంగంలో పిస్టళ్లు చేసే సంస్థ, తూటాలు చేసే సంస్థ వేరయ్యాయి. కాబట్టి లోపం ఎక్కడుందో తెలియకుండా ఎవరిని ప్రతివాదిగా చేర్చాలో కూడా మీకు తెలియదు.

కొత్త పిస్టల్ భాగాలు ఒరుసుకుని కుదురుకోవడానికి కొంత సమయం పడుతుందన్న డీలరు మాట పూర్తిగా అబద్ధం కాదు. అయితే లైసెన్సులో రాసిన పరిమితిలోనే తూటాలు కొనగలిగిన మనిషికి "ఇంకొన్ని కాల్చండి" అని చెప్పి పంపడం జవాబు కాదు. ఎన్ని కాల్చాలో, అప్పటికీ కుదరకపోతే ఏం చేస్తారో రాతపూర్వకంగా అడగండి.

లేత్ మేస్త్రీ మాట మాత్రం వినవద్దు. అతను గరుకుతో పాటు మీ సాక్ష్యాన్ని కూడా అరగదీస్తాడు. ఆ తర్వాత ఏ ప్రయోగశాలా అది తయారీ లోపమని చెప్పజాలదు. అంతకన్నా పెద్ద ప్రమాదం ఇంకొకటి ఉంది. 1959 ఆయుధ చట్టం 5వ సెక్షన్ ప్రకారం లైసెన్సు లేకుండా తుపాకులను మరమ్మతు చేసే వృత్తి నిషిద్ధం. 2019 సవరణ తర్వాత దానికి శిక్ష ఏడేళ్లకు తగ్గదు, యావజ్జీవం దాకా పోవచ్చు. ఎదుటివారికి అర్హత ఉందో లేదో తెలుసుకోకుండా ఆయుధం అప్పగించిన మీరు 29వ సెక్షన్ కిందికి వస్తారు. కొన్న సరుకు బాగాలేదని ఫిర్యాదు చేయవలసిన మనిషి ముద్దాయిగా నిలబడవలసి వస్తుంది.

క్వారీ వీడియోల విషయంలో మీరు చేసింది బాధ్యతారాహిత్యం. పిస్టల్‌ను పరీక్షించవలసింది అనుమతి ఉన్న ఫైరింగ్ రేంజిలో. లైసెన్సు షరతు ఉల్లంఘించినట్టు తేలితే ఆయుధ చట్టం 30వ సెక్షన్ కింద శిక్ష ఉంది. ఆ వీడియోలను చెరపవద్దు, మీ న్యాయవాది చూడకుండా ఎక్కడా దాఖలు చేయవద్దు. రెండుసార్లు పిస్టల్‌ను రసీదు లేకుండా డీలరు దగ్గర వదిలి రావడం ఇంకా పెద్ద తప్పు. ఆ రోజుల్లో అది ఎవరి అధీనంలో ఉందని పోలీసులు అడిగితే మీ దగ్గర చూపడానికి కాగితం లేదు.

ఇప్పుడు కాలపరిమితి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం 69వ సెక్షన్ ప్రకారం వ్యాజ్య కారణం తలెత్తిన రెండేళ్లలోగా ఫిర్యాదు దాఖలు కావాలి. లోపం బయటపడిన రోజు నుంచి లెక్కించాలని వాదించవచ్చు, కానీ ఆ వాదన మీద కేసును పణంగా పెట్టవద్దు. బిల్లు తేదీ నుంచే లెక్కపెట్టుకోండి. డీలరు "చూద్దాం" అంటూ పంపిన సందేశాలు గడువును పొడిగించవు. గడువు సంగతి ఎదుటివారు లేవనెత్తకపోయినా వినియోగదారుల కమిషనే పరిశీలించాలని సుప్రీంకోర్టు 2009లో, పాత చట్టం కింద వచ్చిన స్టేట్ బ్యాంకు కేసులో చెప్పింది. అంటే మీకు మిగిలింది రెండు నెలలు. ఈ వారంలోనే డీలరుకు, తయారీదారుకు, తూటాల సంస్థకు పదిహేను రోజుల గడువుతో నోటీసు పంపండి. జవాబు వచ్చినా రాకపోయినా ఒంగోలులోని జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేయండి. మీ నివాసం ఈ జిల్లాలోనే కాబట్టి డీలరు ఎక్కడివాడైనా ఫరవాలేదు.

ఫిర్యాదుతో పాటే వినియోగదారుల రక్షణ చట్టం 38వ సెక్షన్ కింద పిస్టల్‌ను, రెండు మ్యాగజైన్లను, అదే పెట్టెలో మిగిలిన తూటాలను సీలు చేసి గుర్తింపు ఉన్న ప్రయోగశాలలో తుపాకులను, తూటాలను పరీక్షించే బాలిస్టిక్ విభాగానికి పంపాలని దరఖాస్తు చేయండి. చట్టం ప్రకారం నివేదిక నలభై ఐదు రోజుల్లో రావాలి. ఖర్చు మీరే జమ చేయవలసి రావచ్చు. అదే సెక్షన్ కింద డీలరు రిజిస్టరును తెప్పించమని కోరండి. మీరు రెండుసార్లు అప్పగించిన సంగతి అందులో ఉంటే, మీ దగ్గర లేని రసీదుకు అది బదులవుతుంది. వాట్సాప్ సందేశాలకు భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ ప్రకారం ధ్రువపత్రం జతచేయండి.

పిస్టల్ సొమ్ము యూనిట్ ఖాతా నుంచి కట్టి ఉంటే వాణిజ్య ప్రయోజనం కోసం కొన్నారు కాబట్టి మీరు వినియోగదారు కారనే అభ్యంతరం వస్తుంది. కొనుగోలు వెనక ప్రధాన ఉద్దేశం ఏమిటన్నదే చూడాలని సుప్రీంకోర్టు 2019లో లీలావతి ట్రస్టు కేసులో చెప్పింది. ఆత్మరక్షణ కోసమని రాసిన మీ లైసెన్సు దరఖాస్తు నకలే దానికి జవాబు. కోరవలసింది కొత్త పిస్టల్ లేదా సొమ్ము వాపసు, దానితో పాటు మితమైన పరిహారం. పది లక్షలకు మీ దగ్గర ఆధారం లేదు.

అంతవరకు దాన్ని కాల్చవద్దు, విప్పవద్దు, తూటాలు తీసి తాళంలో ఉంచండి. కమిషన్ దాన్ని ప్రయోగశాలకు పంపిన రోజే ఆ ఉత్తర్వు నకలుతో లైసెన్సు అధికారికి, మీ పోలీసు స్టేషన్‌కు రాతపూర్వకంగా తెలియజేసి, అందినట్టు ముద్ర వేయించుకోండి.