"రన్ అవుట్ ఆఫ్"లో చివర ఆ "ఆఫ్" ఎందుకు?

"రన్ అవుట్" అంటేనే అయిపోవడం కదా, మళ్లీ "ఆఫ్" (of) దేనికని అడిగారు. అర్థాన్ని మార్చేది "అవుట్". "ఆఫ్" పని, ఏది అయిపోయిందో ఆ మాటను తెచ్చి తగిలించడమే. మన విభక్తి లాంటిదే, కాకపోతే నామవాచకానికి ముందొస్తుంది. "ది మిల్క్ హాజ్ రన్ అవుట్" అన్నప్పుడు పాలే కర్త, "ఆఫ్" అక్కర్లేదు. కర్త మనమైతే "వి హావ్ రన్ అవుట్ ఆఫ్ మిల్క్".

"పుట్ అప్ విత్" (భరించడం) కూడా ఇంతే. "టర్న్ ఇట్ ఆఫ్" (ఇక్కడిది off) అన్నట్టు మధ్యలో "ఇట్" దూర్చకూడదు. "పుట్ అప్ విత్ ఇట్" అనాలి.

అందరం తప్పేది "లుక్ ఫార్వర్డ్ టు" (ఎదురుచూడడం) దగ్గర. ఆఫీసు మెయిల్స్‌లో "లుకింగ్ ఫార్వర్డ్ టు మీట్ యూ" తెగ కనిపిస్తుంది (నేనూ చాలాసార్లు రాశాను). అక్కడి "టు" విభక్తి లాంటిదే కాబట్టి దాని తర్వాత నామవాచకంలా పనిచేసే "మీటింగ్ యూ" రావాలి.