కొట్టంలో మిగిలిన పలుపు

ప్రశ్న: మాది దేవరకొండ దగ్గర పల్లె. 12 ఏళ్లు మా పొలం దున్నిన ఎద్దు 20 రోజుల క్రితం చనిపోయింది. నాన్న ఖాళీ గాటి దగ్గర పలుపు పట్టుకొని కూర్చుంటున్నారు. ‘మరొకటి కొందాం’ అంటే కోపగించుకుంటున్నారు. ఎలా ఓదార్చాలి?

జవాబు: మీరు మంచి మనసుతోనే అన్నా, ‘మరొకటి’ అన్న మాట ఆయన చెవికి ‘అది పోతే ఏమైంది’ అన్నట్టు వినిపించి ఉంటుంది. సమాజం గుర్తించని ఇలాంటి శోకానికి అమెరికా పరిశోధకుడు కెన్నెత్ డోకా 1989లోనే ప్రత్యేకంగా పేరు పెట్టారు. మనిషి పోతే పలకరించడానికి ఊరంతా వస్తుంది, ఎద్దు పోతే ఎవరు వస్తారు? కనుక ఆ పలకరింపు మీరే చేయండి. ఏరువాక పున్నమికి దాని కొమ్ములకు ఏ రంగు పూసేవారో, మొదటిసారి కాడి మోసిన రోజు ఎంత మొరాయించిందో అడిగి, ఆయన చెబుతుంటే మధ్యలో సలహా ఇవ్వకుండా వినండి. పలుపు తీసి దాచవద్దు. జత ఎద్దు మిగిలి ఉంటే దానికి కుడితి పెట్టే పని ఆయనకే వదిలేయండి. తిండీ నిద్రా ఇంకా కుదుటపడకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి. తెలుగులోనే, ఉచితంగా మాట్లాడతారు.