ఓడ పెనాంగ్‌లో ఆగే రోజు ఇన్సులిన్ వాడే మామగారిని ఒడ్డుకు తీసుకెళ్లవచ్చా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది హన్మకొండ. పిల్లల వేసవి సెలవుల్లో ఇంటిల్లిపాదీ సింగపూర్ వెళ్లి, అక్కడి నుంచి క్రూజ్ ఓడలో మలేషియాలోని పెనాంగ్, థాయ్‌లాండ్‌లోని ఫుకెట్ చూసి రావాలని అనుకుంటున్నాం. మా మామగారికి 67 ఏళ్లు. పదిహేనేళ్లుగా షుగర్ ఉంది. ఉదయం, రాత్రి 30/70 ఇన్సులిన్ వేసుకుంటారు. మెట్‌ఫార్మిన్‌తో పాటు బీపీకి టెల్మిసార్టాన్, హైడ్రోక్లోరోథయజైడ్ కలిసిన మాత్ర వాడతారు. అరికాళ్లలో తిమ్మిర్లు ఉన్నాయి. మా అత్తగారికి 62 ఏళ్లు. మోకాళ్ల నొప్పులున్నాయి, బస్సులో ఏటూరునాగారం దాకా వెళ్లినా వాంతులవుతాయి. ఓడ పెనాంగ్‌లో ఉదయం 9 నుంచి సాయంత్రం 6 వరకు ఆగుతుంది. పిల్లలు కొండ రైలు ఎక్కాలంటున్నారు, అత్తగారు అక్కడి అమ్మవారి గుడి చూడాలంటున్నారు. మామగారు మాత్రం ‘మీరు పోయి రండి, నేను ఓడలోనే ఉంట’ అంటున్నారు. ఆయనను ఒంటరిగా వదిలి వెళ్లడం మాకు ఇష్టం లేదు. ఆ రోజును ఎలా గడిపితే అందరికీ మంచిది? ఏ జాగ్రత్తలు తీసుకోవాలి?
– ఒక పాఠకురాలు, హన్మకొండ

జవాబు: మీ మామగారు నిశ్చింతగా ఒడ్డుకు దిగవచ్చు. గుండె జబ్బు, తీవ్రమైన కిడ్నీ సమస్య లేవని ప్రయాణానికి ముందు చేయించే పరీక్షల్లో తేలితే ఆయనను ఓడకే పరిమితం చేయవలసిన అవసరం లేదు. అయితే ఆ రోజు ఏమేమి చూడాలన్నది కాక, ఆయన మధ్యాహ్న భోజనం ఎన్ని గంటలకన్నది ముందుగా నిర్ణయించుకుని, మిగతా కార్యక్రమమంతా దాని చుట్టూ అమర్చుకోవాలి. ఓడ ప్రయాణం అనగానే అందరూ అలలకు, తల తిరగడానికి భయపడతారు. కానీ ఇన్సులిన్ వాడే పెద్దవారికి అసలు ఇబ్బంది తరచుగా ఓడ కదలకుండా రేవులో నిలబడిన రోజునే వస్తుంది. ఎందుకంటే ఆ రోజే తిండి వేళలు తప్పుతాయి, నడక ఎక్కువవుతుంది, ఎండ తగులుతుంది.

ఆయన వాడే 30/70 ఇన్సులిన్‌లో 30 శాతం త్వరగా పనిచేసేది, 70 శాతం నెమ్మదిగా మొదలై ఎక్కువసేపు పనిచేసేది ఉంటాయి. ఉదయం టిఫిన్‌కు ముందు వేసుకున్న డోసులో మొదటి భాగం టిఫిన్‌ను చూసుకుంటే, రెండో భాగం దాదాపు నాలుగు గంటల తరువాత నుంచి బలం పుంజుకుంటుంది. అంటే ఎనిమిది గంటలకు ఇంజెక్షన్ తీసుకున్న వ్యక్తికి మధ్యాహ్నం పన్నెండు, ఒంటిగంట ప్రాంతంలో ఒంట్లో ఇన్సులిన్ గట్టిగా పనిచేస్తూ ఉంటుంది. ఆ సమయంలో ఆయన కొండ రైలు క్యూలోనో, టాక్సీ కోసం రోడ్డు పక్కనో నిలబడి ఉంటే, అన్నం రెండున్నరకో మూడింటికో పడితే, షుగర్ పడిపోవడానికి అన్ని కారణాలూ ఒకేసారి కలిసినట్లే. నడక వల్ల కండరాలు రక్తంలోని గ్లూకోజ్‌ను మరింతగా వాడుకుంటాయి. పైగా ఆ నడక ప్రభావం రాత్రి వరకూ ఉంటుంది కనుక, ఎక్కువ తిరిగిన రోజు నిద్రకు ముందు ఒకసారి షుగర్ చూసుకోవడం మంచిది.

కాబట్టి ఆ రోజును సగం రోజుగా అనుకోండి. ఉదయం ఇంజెక్షన్ వేసుకున్న అరగంటలో ఆయన ప్లేటు ముందు కూర్చుని ఉండాలి. రేవులో ఆగే రోజు ఓడలోని టిఫిన్ హాలులో చాలా రద్దీ ఉంటుంది కనుక, సీటు దొరికి, ఏం తినాలో చూసుకున్న తరువాతే ఇన్సులిన్ వేసుకోవడం క్షేమం. తొమ్మిదికి తలుపులు తెరవగానే తోసుకుంటూ దిగనవసరం లేదు. తొలి రద్దీ తగ్గనిచ్చి తొమ్మిదిన్నర, పది మధ్య దిగండి. పెనాంగ్‌లో ఓడలు ఆగే స్వెటెన్‌హామ్ పియర్ జార్జ్‌టౌన్ పట్టణాన్ని ఆనుకునే ఉంటుంది. కార్న్‌వాలిస్ కోట, లిటిల్ ఇండియా వీధులు అక్కడికి దగ్గరే. 2008లో యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు పొందిన పాత పట్టణమంతా ఆ చుట్టుపక్కలే ఉంది. మీ అత్తగారు చూడాలనుకుంటున్న మహామారియమ్మన్ గుడి కూడా లిటిల్ ఇండియాలోనే, క్వీన్ స్ట్రీట్‌లో ఉంది. మోకాళ్ల నొప్పులున్న ఆమె అక్కడి మూడు చక్రాల సైకిల్ రిక్షాలో వెళ్లవచ్చు. గుడి, రెండు మూడు వీధులు చూసి, మధ్యలో నీడన కూర్చుని, పన్నెండున్నరకల్లా ఓడకు తిరిగి వస్తే భోజనం వేళకు అందుతుంది. మధ్యాహ్నం ఓడలో జనం పలుచగా ఉంటారు. అన్నం తిని, గంటసేపు నిద్రపోయి, సాయంత్రం డెక్ మీద కూర్చుని రేవును చూసుకోవచ్చు.

పిల్లల కోరికను కాదనవద్దు. కొండ రైలు బయలుదేరే ఆయర్ ఇతామ్ పట్టణానికి కొంత దూరంలో ఉంది, సెలవు రోజుల్లో క్యూ పొడవుగా ఉంటుంది. మీ వారు పిల్లలను తీసుకుని అటు వెళ్తే, మీరు పెద్దవాళ్లతో ఉండండి, లేదా మీరిద్దరూ పనిని తారుమారు చేసుకోండి. కుటుంబమంతా రోజంతా ఒకే గుంపుగా తిరిగి తీరాలన్న పట్టుదల వల్లనే ‘నా వల్ల మీకు ఆలస్యమవుతుంది’ అని పెద్దలు గదిలో ఉండిపోతారు. మీ మామగారు ఓడలోనే ఉంటానన్నది భయం వల్లనో, మీకు భారం కాకూడదనో ఒకసారి నెమ్మదిగా అడిగి చూడండి. నిజంగానే ఆయనకు విశ్రాంతిగా ఉండటమే ఇష్టమైతే అది కూడా మంచి నిర్ణయమే. అప్పుడైనా భోజనం వేళకు ఒకరు ఆయన దగ్గర ఉండాలి.

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైన విషయం చెబుతాను. ఒడ్డున ఉండగా ఆయనకు చెమటలు పట్టి, తల తిరిగి, వికారంగా ఉందని అంటే మీరందరూ ‘ఓడ ప్రయాణం పడలేదు’ అనో, ‘ఎండ తగిలింది’ అనో అనుకునే ప్రమాదం ఉంది. షుగర్ పడిపోయినప్పుడు కనిపించే లక్షణాలూ ఇవే. ఏళ్ల తరబడి షుగర్ ఉన్నవారిలో చేతులు వణకడం, గుండె దడ వంటి ముందస్తు సూచనలు మందగించి, నేరుగా తికమకపడటం, పొంతన లేకుండా మాట్లాడటం, ఊరికే కోపగించుకోవడం కనిపించవచ్చు. అందువల్ల ఏ లక్షణం కనిపించినా మొదట కూర్చోబెట్టి, గ్లూకోమీటర్‌తో పరీక్షించండి. 70 కన్నా తక్కువ ఉంటే మూడు చెంచాల గ్లూకోజ్ పొడి గానీ చక్కెర గానీ నీళ్లలో కలిపి తాగించి, పదిహేను నిమిషాల తరువాత మళ్లీ చూడండి. పెరగకపోతే మరోసారి ఇవ్వండి. పెరిగాక బిస్కెట్లో, భోజనమో పెట్టండి. మీటరు చేతిలో లేకపోతే పరీక్ష కోసం ఆగకుండా తీపి ఇచ్చేయండి. స్పృహ తప్పితే మాత్రం నోట్లో ఏమీ పోయవద్దు, పక్కకు తిప్పి పడుకోబెట్టి మలేషియా అత్యవసర నంబరు 999కు ఫోన్ చేయండి. షుగర్ బాగానే ఉండి చెమటలు, ఆయాసం, ఛాతీలో బరువు తగ్గకుంటే అది గుండెకు సంబంధించినది కావచ్చు. షుగర్ రోగుల్లో గుండెపోటు నొప్పి లేకుండా కూడా వస్తుంది. అప్పుడు ఓడకు చేరుకుందామని చూడకుండా దగ్గరలోని ఆసుపత్రికే వెళ్లాలి.

గ్లూకోజ్ పొడి, బిస్కెట్లు, మీటరు ఒకే చిన్న సంచిలో ఉంచి, ఆ సంచిని ఆయన పక్కన నడిచే వారే మోయాలి. పిల్లలతో కొండకు వెళ్లిన వారి బ్యాగులో అది ఉండిపోతే ప్రయోజనం లేదు. ఓడ బఫేలోని పండ్లు, వండిన పదార్థాలు ఒడ్డుకు తీసుకువెళ్లడానికి సాధారణంగా ఒప్పుకోరు కనుక, సీలు వేసిన ప్యాకెట్లు ఇంటి నుంచే తెచ్చుకోండి. మీటరు స్ట్రిప్పుల డబ్బా మూత తెరిచి ఉంచితే అక్కడి గాలిలోని తేమకు అవి పాడవుతాయి. పండు ఒలిచిన చేతితో పరీక్షిస్తే షుగర్ తప్పుగా ఎక్కువ చూపిస్తుంది, కాబట్టి వేలు కడిగి తుడిచాకే గుచ్చాలి.

మే నెలలో 43, 44 డిగ్రీల ఎండ చూసే మనకు పెనాంగ్‌లోని 31, 32 డిగ్రీలు లెక్కలేనివిగా అనిపిస్తాయి. అక్కడే చాలామంది పొరబడతారు. వరంగల్ ఎండ పొడిగా ఉంటుంది కనుక చెమట ఆవిరై ఒళ్లు చల్లబడుతుంది. పెనాంగ్ గాలిలో తేమ ఎక్కువ కావడం వల్ల చెమట కారిపోతుందే తప్ప ఆరదు, ఒంటి వేడి తగ్గదు. మీ మామగారి బీపీ మాత్రలోని హైడ్రోక్లోరోథయజైడ్ మూత్రం ద్వారా నీటిని, ఉప్పును బయటికి పంపుతుంది. చెమట కూడా తోడైతే లేచి నిలబడినప్పుడు కళ్లు తిరిగి పడిపోవచ్చు. దాహం వేసేదాకా ఆగకుండా కొద్దికొద్దిగా నీళ్లు తాగుతూ ఉండాలి. అదే మాత్ర వల్ల కొందరికి ఎండ పడిన చర్మం తొందరగా కమిలిపోతుంది, అందుకే టోపీ, పొడుగు చేతుల చొక్కా అవసరం. అక్కడి ‘తెహ్ తారిక్’ అనే టీలో తీపి చిక్కటి పాలు కలుపుతారు, ఒక్క గ్లాసుతోనే షుగర్ పెరుగుతుంది. పాలు, చక్కెర రెండూ వద్దనుకుంటే ‘తెహ్ ఓ కొసాంగ్’ అని అడగాలి.

పాదాల గురించి కొంచెం గట్టిగానే చెప్పాలి. వేసవిలో గుడి ప్రాంగణంలోని రాళ్ల మీద వట్టి కాళ్లతో ప్రదక్షిణ చేసి, అరికాళ్లు బొబ్బలెక్కిన సంగతి సాయంత్రం దాకా తెలియని షుగర్ రోగులు ప్రతి ఎండాకాలం మా దగ్గరకు వస్తారు. తిమ్మిర్లున్న పాదానికి వేడి తెలియదు. పెనాంగ్ గుడిలో చెప్పులు విడవాలి కనుక ఎండ ముదరకముందే వెళ్లండి. మందపాటి సాక్సులతో లోపలికి రావచ్చా అని అక్కడివారిని అడగండి. వద్దంటే ఆయన నీడ ఉన్న చోటి నుంచే దండం పెట్టుకోవచ్చు. కొత్త బూట్లు ఈ ప్రయాణంలో మొదటిసారి తొడగవద్దు. ఫుకెట్ బీచ్‌లోనూ, ఓడలోని ఈత కొలను పక్కనా వట్టి కాళ్లతో నడవకూడదు. రాత్రి పడుకునే ముందు మీలో ఒకరు ఆయన అరికాళ్లు, వేళ్ల సందులు చూడాలి.

గడియారం విషయంలో తికమక పడవద్దు. సింగపూర్, పెనాంగ్‌లలో సమయం మనకన్నా రెండున్నర గంటలు ముందుంటుంది, ఫుకెట్‌లో గంటన్నర ముందుంటుంది. ఈ కొద్ది తేడాకు ఇన్సులిన్ పద్ధతి మార్చనవసరం లేదు. అక్కడి టిఫిన్, అక్కడి రాత్రి భోజనం వేళలకే వేసుకోవాలి. అయితే రాత్రి ఇక్కడ ఎనిమిదికి డోసు తీసుకుని, మర్నాడు సింగపూర్‌లో ఎనిమిదికి మళ్లీ తీసుకుంటే మధ్య వ్యవధి పన్నెండు కాక తొమ్మిదిన్నర గంటలే అవుతుంది. ఆ ఒక్క ఉదయం ముందుగా షుగర్ చూసుకోవాలి, డోసు కాస్త తగ్గించాలా అన్నది బయలుదేరే ముందే మీ డాక్టరును అడిగి రాయించుకోండి. ఫోన్లు ఒడ్డు సమయానికి తమంతట తామే మారిపోవచ్చు, ఓడ సమయం మారకపోవచ్చు. అందుకే ఒక చేతి గడియారాన్ని ఓడ సమయానికి పెట్టుకోండి.

మీ అత్తగారికి ఈ ఓడ వెళ్లే మలక్కా జలసంధి సాధారణంగా పెద్దగా ఇబ్బంది పెట్టదు. రెండు వైపులా భూమి ఉండటంతో అలలు తక్కువ. గది తీసుకునేటప్పుడు కింది అంతస్తులో, ఓడ మధ్య భాగంలో అడగండి. వాంతుల మాత్ర రేవులో ఆగిన ఉదయం వేయవద్దు. కట్టి ఉన్న ఓడ ఊగదు, మాత్ర వల్ల వచ్చే మత్తుతో మెట్లు దిగడమే ప్రమాదం. సాయంత్రం ఓడ కదలడానికి గంట ముందు వేసుకుంటే సరిపోతుంది. ఒడ్డున కాలు పెట్టాక కూడా కొంతసేపు నేల ఊగుతున్నట్లు అనిపించవచ్చు, చేయి పట్టుకుని నడిపించండి, అదే సర్దుకుంటుంది. ఆమె మోకాళ్లకు వాడే డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రను మాత్రం ‘కాళ్లు లాగుతున్నాయి’ అన్న మామగారికి ఎట్టి పరిస్థితిలోనూ ఇవ్వకూడదు. ఆయన బీపీ మాత్రకు నొప్పి మాత్ర, ఎండలో ఒంట్లో నీరు తగ్గడం తోడైతే కిడ్నీలు దెబ్బతినవచ్చు. నొప్పి ఉంటే పారాసిటమాల్ చాలు.

ఓడల్లో నోరో వైరస్ వాంతులు, విరేచనాలు త్వరగా వ్యాపిస్తాయి. ఈ వైరస్ మీద శానిటైజర్ అంతగా పనిచేయదు, సబ్బుతో కడుక్కోవాలి. మామగారికి విరేచనాలు పట్టుకుంటే మెట్‌ఫార్మిన్, బీపీ మాత్ర తాత్కాలికంగా ఆపవలసి రావచ్చు గానీ, ఇన్సులిన్‌ను సొంతంగా పూర్తిగా మానకూడదు. ఓడలోని డాక్టరును అదే రోజు కలవండి.

బయలుదేరడానికి నెల ముందు హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్), క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు), ఈసీజీ, కంటి రెటీనా పరీక్షలు చేయించి, మందుల చీటీని బ్రాండ్ పేర్లతో కాక అసలు మందుల పేర్లతో ఇంగ్లిష్‌లో రాయించుకోండి. ఇన్సులిన్‌ను విమానంలో చేతి సంచిలోనే ఉంచాలి, కింద వేసే సామానులో గడ్డకట్టి పాడయ్యే అవకాశం ఉంది. నిద్రమాత్రలు, బలమైన నొప్పి మాత్రలు కొన్నిటికి సింగపూర్‌లో ముందస్తు అనుమతి కావాలి. ప్రయాణ బీమాలో షుగర్, బీపీ ఉన్నాయని దాచకుండా రాయండి, లేకపోతే ఓడ ఆసుపత్రి బిల్లు మీరే కట్టవలసి వస్తుంది.

మలేషియాలో డెంగీ ఏడాది పొడవునా ఉంటుంది. అక్కడి దోమ పగలే కుడుతుంది కనుక ఒడ్డుకు దిగే ముందు అందరూ దోమల క్రీము రాసుకోవాలి. తిరిగి వచ్చిన రెండు వారాల్లోపు ఎవరికి జ్వరం వచ్చినా, పారాసిటమాల్ తప్ప వేరే నొప్పి మాత్రలు వేయకుండా, ఎక్కడికి వెళ్లి వచ్చారో డాక్టరుకు చెప్పి, మొదటి అయిదు రోజుల్లోనే డెంగీని గుర్తించే ఎన్ఎస్1 రక్త పరీక్ష చేయించండి.
– జనరల్ ఫిజీషియన్, వరంగల్