పాదం నొప్పికి పేరు తెలిశాకే అప్పు సంగతి

ప్రశ్న: నా వయసు 39. కడపలో ఒక ప్రైవేటు సంస్థ అమ్మకాల విభాగంలో పనిచేస్తున్నాను. నెలకు 38,000 రూపాయలు చేతికి వస్తాయి. ఇంటి ఖర్చు 22,000, గృహరుణం వాయిదా 11,000. పది నెలల క్రితం మేడమెట్లు దిగుతుండగా కుడిపాదం మెలితిరిగి పడ్డాను. ఎక్స్‌రే తీసి ఎముక విరగలేదన్నారు. మాత్రలు, నాటుకట్టు, ఫిజియోథెరపీ అన్నీ అయ్యాయి. ఇప్పటికీ సాయంత్రానికి పాదం వాస్తుంది, గంటకు మించి నిలబడలేను. ఇటీవల ఒక డాక్టరు ఎంఆర్ఐ తీయించమన్నారు, అవసరమైతే ఆపరేషన్ అన్నారు. బ్యాంకులో 1,80,000 ఎఫ్‌డీ, కంపెనీ ఇచ్చిన 3 లక్షల గ్రూప్ ఆరోగ్య బీమా ఉన్నాయి. ఎఫ్‌డీ తీయాలా, పర్సనల్ లోన్ తీసుకోవాలా, మా ఆవిడ గాజులు కుదువ పెట్టాలా? కొత్త పాలసీలో పాదం సంగతి రాయకుండా ఏడాది ఆగితే ఖర్చంతా వస్తుందని తెలిసిన ఏజెంటు అంటున్నారు. మీ సలహా ఏమిటి?

జవాబు: మీరు ఉత్తరంతోపాటు పంపిన ఖర్చుల చీటీని ముందుగా చూశాను. డాక్టర్ల ఫీజులు, మూడుసార్లు తీసిన ఎక్స్‌రేలు కలిపి 2,400, నాటుకట్టుకూ నూనెలకూ ప్రయాణాలతో సహా 9,000, ఫిజియోథెరపీ 30 సిట్టింగులకు 15,000, మాత్రలూ ఇంజెక్షన్లూ 11,600, బెల్టులూ ప్రత్యేకమైన చెప్పులూ 6,000, సెలవులు అయిపోయాక కోల్పోయిన 16 రోజుల జీతం దాదాపు 20,000. మొత్తం 64,000. ఇందులో దేనినీ దుబారా అనలేను. అయితే ఇంత ఖర్చులోనూ మీ పాదానికి ఏమయిందో తెలుసుకోవడానికి పెట్టినది ఆ మొదటి 2,400 మాత్రమే. మిగిలినదంతా ఏమయిందో తెలియకుండానే ఉపశమనం కోసం పెట్టినది. మీరు పంపిన ప్రిస్క్రిప్షన్లు ఐదింటిలోనూ వ్యాధి నిర్ధారణ రాయవలసిన చోట ‘కుడిపాదం నొప్పి’ అనే ఉంది. నొప్పి అన్నది మీరు వెళ్లి డాక్టరుకు చెప్పిన మాట. దాన్నే ఆయన తిరిగి కాగితం మీద రాసి ఇస్తే నిర్ధారణ కాలేదనే అర్థం. బీమా కంపెనీ కూడా ఆ కాగితాన్ని అలాగే చదువుతుంది.

నేను వైద్యుణ్ణి కాను, మీ పాదం గురించి తీర్పు చెప్పను. కానీ డబ్బు లెక్క వేయాలంటే ఒక్క విషయం తెలిసి ఉండాలి. పాదం మధ్యలోని చిన్న ఎముకల కీళ్లను పట్టి ఉంచే లిగమెంట్లు తెగినప్పుడు, ఎముకలో సన్నని చీలిక వచ్చినప్పుడు, చీలమండ కీలులోని మృదులాస్థి దెబ్బతిన్నప్పుడు పడుకోబెట్టి తీసిన తొలి ఎక్స్‌రేలో ఏమీ కనపడకపోవడం వైద్యులందరికీ తెలిసిన సంగతే. అందుకే అనుమానం ఉన్నప్పుడు రెండు పాదాల మీదా బరువు వేసి నిలబెట్టి మళ్లీ ఎక్స్‌రే తీస్తారు, దానితోనూ తేలకపోతే ఎంఆర్ఐ లేదా సీటీ రాస్తారు. ఇలాంటి గాయాల్లో కొన్నింటిని పట్టించుకోకపోతే కీలు అరిగిపోయి, బూటుతోనో కట్టుతోనో పోయేది పెద్ద ఆపరేషన్ దాకా వస్తుంది. ఆలస్యానికి కూడా ధర ఉంటుందని చెప్పడానికే ఇదంతా రాశాను.

కాబట్టి ముందుగా నిర్ధారణ కోసమని 15,000 రూపాయలు విడిగా పెట్టండి. ఎముకల డాక్టర్లలో పాదం, చీలమండ చికిత్స మీద ప్రత్యేకంగా పనిచేసేవారు ఉంటారు. అలాంటివారిని రెండుసార్లు కలవడానికి 1,600, నిలబెట్టి తీసే ఎక్స్‌రేలకు 1,000, ఎంఆర్ఐకి 8,000, రాకపోకలకు 2,400 వేసుకున్నా 13,000 అవుతుంది, మిగిలిన రెండువేలు చేతిలో ఉంటాయి. ఇప్పటిదాకా పెట్టిన 64,000లో ఇది నాలుగో వంతు కూడా కాదు. మీకు కడప రిమ్స్ ఊళ్లోనే ఉంది. ఎముకల చికిత్సకే పేరుపడిన, తిరుమల తిరుపతి దేవస్థానం నడిపే బర్డ్ ఆసుపత్రి తిరుపతిలో ఉంది. అక్కడ ఓపీ వేళలూ వైద్యుల అందుబాటూ ముందే కనుక్కొని వెళితే ఈ అంచనా ఇంకా తగ్గవచ్చు.

ఎంఆర్ఐ విషయంలో రెండు జాగ్రత్తలు చెప్పాలి. పాదం వేరు, చీలమండ వేరు. ల్యాబుల్లో ఈ రెంటికీ వేర్వేరు స్కాన్లు, వేర్వేరు బిల్లులు. ఏ భాగం తీయాలో, ఏ అనుమానంతో తీయాలో చూసిన డాక్టరు చేతే చీటీ మీద స్పష్టంగా రాయించుకొని వెళ్లండి. లేకపోతే 8,000 పోసి పక్క కీలుకు ఫొటో తీయించుకొచ్చినట్టు అవుతుంది. రెండోది, రిపోర్టుతో సరిపెట్టుకోకుండా చిత్రాలున్న సీడీనో డిజిటల్ కాపీనో అడిగి తీసుకోండి. ఆపరేషన్ చేసే డాక్టర్లు రిపోర్టు కంటే చిత్రాలనే నమ్ముతారు, అవి చేతిలో లేకపోతే మళ్లీ తీయించమంటారు. పెద్ద ఆసుపత్రిలో తీసే ధరకూ, బయటి డయాగ్నొస్టిక్ సెంటర్ ధరకూ తేడా బాగానే ఉంటుంది కనుక రెండుచోట్ల ఫోన్ చేసి అడగడానికి మొహమాటపడనక్కరలేదు.

ఇక మీరు అడగకపోయినా చాలామంది అడిగే మాట ఒకటుంది. ‘ఒక రాత్రి ఆసుపత్రిలో చేరితే ఎంఆర్ఐ ఖర్చు బీమాలో వస్తుంది’ అని ఎవరైనా చెబితే వినవద్దు. కేవలం పరీక్షల కోసమే చేరిన కేసులను చెల్లింపు నుంచి మినహాయించే షరతు దాదాపు ప్రతి పాలసీలోనూ ఉంటుంది. ఆ దారిన పోతే ఎంఆర్ఐ డబ్బు రాకపోగా గది అద్దె కూడా మీ నెత్తినే పడుతుంది. న్యాయమైన దారి ఇంకోటి ఉంది. ఆపరేషన్ తప్పదని తేలి ఆసుపత్రిలో చేరితే, చేరడానికి ముందు కొన్ని రోజులలో అదే జబ్బు కోసం పెట్టిన పరీక్షల, మందుల, సంప్రదింపుల ఖర్చును పాలసీ తిరిగి ఇస్తుంది. సాధారణంగా గ్రూప్ పాలసీల్లో ఇది 30 రోజులు, కొన్నింటిలో 60. డిశ్చార్జి తర్వాత మరో 60 లేదా 90 రోజుల ఖర్చు కూడా వస్తుంది, డాక్టరు రాసిన ఫిజియోథెరపీకి అది వర్తిస్తుందో లేదో పాలసీ పత్రంలో చూసుకోండి. అంటే ఎంఆర్ఐ ఈ నెలలో తీయించి, ఆపరేషన్‌ను ఊరికే ఆరునెలలు వాయిదా వేస్తే ఆ 8,000 మీ జేబులోంచే పోయినట్టు. వెంటనే ముందుకు వెళితే అది వాపసు వస్తుంది. ప్రతి బిల్లు మీదా మీ పేరు, తేదీ, డాక్టరు చీటీ ఉండేలా చూసుకోండి.

ఏజెంటు చెప్పిన సలహాను గట్టిగానే కాదనాలి. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ నిర్వచనం ప్రకారం, పాలసీ తీసుకోవడానికి ముందు 36 నెలల్లో డాక్టరు నిర్ధారించిన, లేదా వైద్య సలహా, చికిత్స పొందిన ఏ జబ్బయినా, గాయమయినా ‘ముందే ఉన్న వ్యాధి’ కిందికే వస్తుంది. గాయం అన్న మాట అందులో స్పష్టంగా ఉంది. మీ నిర్ధారణ ఇంకా కాలేదు కదా అనే వాదన నిలవదు, ఎందుకంటే చికిత్స పొందారు. ఇలాంటివాటికి కంపెనీలు గరిష్ఠంగా మూడేళ్ల వరకు నిరీక్షణ కాలం, అంటే ఆ జబ్బుకు క్లెయిము ఇవ్వని గడువు, పెట్టవచ్చు. కాబట్టి ఏడాది ఆగితే చాలన్న లెక్క నిజం రాసినా తప్పే, దాచినా తప్పే. దాచితే ఏమవుతుందో కూడా చెబుతాను. ఆసుపత్రిలో చేరిన రోజు డ్యూటీ డాక్టరు ‘ఎన్నాళ్లుగా?’ అని అడిగితే మీరు నిజమే చెబుతారు, ఆయన కేసు షీటులో అదే రాస్తారు, బీమా కంపెనీ మొట్టమొదట అడిగేది ఆ కేసు షీటునే. అప్పుడు క్లెయిము పోవడమే కాకుండా సమాచారం దాచారన్న కారణంతో పాలసీనే రద్దు చేయవచ్చు. రేపు పిల్లలకు డెంగీ వచ్చినప్పుడు అక్కరకు రావలసిన పాలసీ అది. మీ ఏజెంటుకు కమీషన్ మొదటి ఏడాది నుంచే వస్తుంది, ఆ కేసు షీటు మాత్రం మీ ఫైలులోనే ఉంటుంది.

మీకు నిజంగా ఉపయోగపడేది ఇప్పుడు చేతిలో ఉన్న కంపెనీ పాలసీయే. గ్రూప్ పాలసీల్లో చాలావరకు ముందే ఉన్న వ్యాధులను మొదటి రోజు నుంచీ కవర్ చేస్తాయి. మీది కూడా అలాంటిదేనా అన్నది హెచ్ఆర్ విభాగం దగ్గర పాలసీ పత్రం అడిగి తీసుకుని చూడండి. ఉద్యోగి చేతికి ఇచ్చే కార్డు మీద ఆ షరతులు ఉండవు. ఉద్యోగం మారే ఆలోచన ఉంటే చికిత్స పూర్తయ్యేదాకా ఆపుకోండి, ఎందుకంటే ఈ రక్షణ సాధారణంగా మీ ఆఖరి పనిదినంతో ముగుస్తుంది. మారక తప్పకపోతే అదే బీమా కంపెనీలో వ్యక్తిగత పాలసీకి మారే అవకాశం అడగండి, అప్పటిదాకా గడిచిన నిరీక్షణ కాలం లెక్కలోకి వస్తుంది.

ఆ పత్రంలో చూడవలసిన రెండో అంశం గది అద్దె పరిమితి. 3 లక్షల పాలసీలో రోజుకు 1 శాతం, అంటే 3,000 అని ఉందనుకుందాం. ‘నాలుగు రోజులే కదా, కాస్త మంచి గది తీసుకుందాం’ అని 6,000 గదిలో చేరితే కోల్పోయేది రోజుకు మూడువేలు మాత్రమే అనుకుంటారు అందరూ. కానీ అర్హతకు మించిన గది తీసుకుంటే డాక్టరు ఫీజు, ఆపరేషన్ థియేటర్ వంటి అనుబంధ ఖర్చులను కూడా అదే నిష్పత్తిలో కోస్తారు. అవి 80,000 అయితే 40,000 మాత్రమే వస్తుంది. మందులు, ఇంప్లాంట్లు, పరీక్షలు ఈ కోతలోకి రావు. నేను చూసిన బిల్లు గొడవల్లో ఎక్కువ భాగం ఈ ఒక్క షరతు తెలియకపోవడం వల్ల వచ్చినవే. ఇవికాక చేతికర్రలు, వాకర్లు, క్రేప్ బ్యాండేజీలు, గ్లౌజులు సాధారణంగా పాలసీ ఇవ్వదు. వీటన్నిటికీ 20,000 మీ సొంతంగా అనుకోండి.

డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ కింద మీ కుటుంబానికి అర్హత ఉందేమో కూడా ఆసుపత్రిలోని పథకం కౌంటర్‌లో అడగండి. అది జాబితాలో ఉన్న చికిత్సలకు, ఆసుపత్రిలో చేరినప్పుడు ప్రధానంగా పనికొస్తుంది. మీ బ్యాంకు ఖాతా నుంచి ఏడాదికి 20 రూపాయలు పోయే ప్రధానమంత్రి సురక్షా బీమా మాత్రం దీనికి పనికిరాదు. అది ప్రమాదంలో మరణానికి, శాశ్వత అంగవైకల్యానికే తప్ప చికిత్స ఖర్చుకు కాదు. కంపెనీ గ్రూప్ ప్రమాద బీమా కూడా తీసి ఉంటే, పనికి వెళ్లలేని వారాలకు కొంత మొత్తం ఇచ్చే సదుపాయం అందులో ఉందేమో అడగండి. దానికి ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా పనికి అనర్హుడని డాక్టరు ఇచ్చే ధ్రువపత్రం కావాలి.

ఇప్పుడు మీ అసలు ప్రశ్న. ఎఫ్‌డీ ఆసుపత్రి బిల్లు కోసం కాదు, ఇంట్లో కూర్చునే నెలల కోసం. పాదం మీద చేసే చాలా ఆపరేషన్ల తర్వాత ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆ కాలు నేల మోపనివ్వరు. మీది కుడిపాదం. బైకు వెనుక బ్రేకు అదే కాలితో తొక్కాలి కనుక, తిరిగే ఉద్యోగంలోకి వెళ్లడానికి ఇంకొంత సమయం పడుతుందనే అనుకోవాలి. మిగిలిన సెలవులు ఎన్నో హెచ్ఆర్‌ను అడగండి, కొన్నాళ్లు కూర్చుని చేసే పని ఇవ్వగలరేమో కూడా ముందే మాట్లాడండి. రెండు నెలలు జీతం పూర్తిగా ఆగినా ఇంటి ఖర్చూ వాయిదా కలిపి 66,000, నిర్ధారణకు 15,000, పాలసీ ఇవ్వనివాటికి 20,000, మొత్తం 1,01,000. మీ ఎఫ్‌డీలో ఇంకా 79,000 మిగిలే ఉంటాయి. అప్పు ఎక్కడా అవసరం లేదు. గాజులు బీరువాలోనే ఉండనివ్వండి.

ఎఫ్‌డీ మధ్యలో తీస్తే వడ్డీలో సాధారణంగా 1 శాతం దాకా కోత పడుతుంది. లక్ష రూపాయలకు ఏడాదికి అది దాదాపు 1,000. అదే లక్షను 14 శాతానికి ఏడాది పర్సనల్ లోన్‌గా తీసుకుంటే వడ్డీ కిందే దాదాపు 7,700 కట్టాలి, ప్రాసెసింగ్ ఫీజు దానికి అదనం. డబ్బు రెండుమూడు నెలలకే కావాలంటే ఎఫ్‌డీ మీదే ఓవర్‌డ్రాఫ్ట్, అంటే దాన్ని హామీగా ఉంచి అవసరమైనంతే వాడుకునే సదుపాయం, అడగండి. ఎఫ్‌డీ వడ్డీ కంటే ఒకటి రెండు శాతం ఎక్కువకు, వాడుకున్న రోజులకే వడ్డీ పడుతుంది. ఆదాయపు పన్నులో ఆరోగ్య బీమా మినహాయింపు (1961 చట్టంలో 80డీ సెక్షన్) కింద ఈ చికిత్స ఖర్చు చూపవచ్చని ఎవరైనా అంటే అది మీ వయసువారికి కుదరదు. మీ వయసువారికి ఆ మినహాయింపు పాత పన్ను విధానం ఎంచుకుంటేనే, అదీ బీమా ప్రీమియానికీ, ముందస్తు ఆరోగ్య పరీక్షలకూ మాత్రమే.

కుటుంబానికి సొంత పాలసీ అవసరమే. చికిత్స నడుస్తుండగా మీ పేరుతో దరఖాస్తు చేస్తే కంపెనీ వాయిదా వేయవచ్చు కనుక ముందు మీ ఆవిడకూ పిల్లలకూ తీసుకోండి, మీరు కోలుకున్నాక పాదం సంగతి ఉన్నదున్నట్టు రాసి చేరండి. వ్యక్తిగత ఆరోగ్య పాలసీల మీద 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్‌టీ లేదు, ఆ మేరకు ప్రీమియం భారం తగ్గింది.

ఈ వారం హెచ్ఆర్ దగ్గర పాలసీ పత్రం తీసుకుని రెన్యువల్ తేదీ చూడండి, డాక్టరు అపాయింట్‌మెంట్ ఆ తేదీకి వీలైనంత ముందుగా పెట్టుకోండి. ఆపరేషన్ అని తేలితే ఆసుపత్రి ఇచ్చే ఎస్టిమేట్‌ను, మీ పాలసీలోని గది అద్దె పేజీని కలిపి పంపండి, చేరడానికి ముందే చూసి రాస్తాను.