కాలువ వైపు నువ్వు నడువు

చిట్టితల్లీ,

నిన్న మీ అమ్మ ఫోన్ చేసింది. వచ్చే నెల నువ్వు ఒకటో తరగతి పిల్లలతో ఎన్‌సోకుకి, అదే బడి పిల్లల విహారయాత్రకి, వెళ్తున్నావట. జపాన్‌లోని అజుమినోలో, మే నెలలో, వరిపొలాల మధ్య నుంచి నడకట. మా అన్నయ్య కూతురు అక్కడి బడిలో పిల్లలకి ఇంగ్లీషు చెప్తూ, వాళ్లని చెయ్యి పట్టుకుని నడిపిస్తుందంటే నాకు ఎంత గర్వంగా ఉందో చెప్పలేను. ఫోన్ పెట్టేశాక మాత్రం రాత్రంతా నిద్ర పట్టలేదు. అందుకే ఈ ఉత్తరం.

మీ అమ్మ టీవీలో జపాన్ ఎలుగుబంట్ల వార్తలు చూసి బెంగ పెట్టుకుంది. ఆ సంగతి మీ బడివాళ్లు చూసుకుంటారు, వాళ్లకి అలవాటే. బెంటో అనే భోజనం డబ్బా, నీళ్ల సీసా, కింద పరుచుకునే షీటు, వాన కోటు ఏవి తేవాలో పిల్లలకి ముందే కాగితం ఇస్తారు. నువ్వూ అదే చూసి సర్దుకో. ఫుట్‌పాత్ లేని రోడ్డు మీద నడిచేవాళ్లు కుడిపక్కన నడవాలి. ఆగిన ప్రతిచోటా తలలు లెక్కపెట్టు, టీచరు లెక్కపెట్టినా సరే నువ్వూ పెట్టు. నీ దగ్గరున్న చిరుతిండి ఏ పిల్లకీ పెట్టకు. ముఖ్యంగా మీ అమ్మ పంపిన పల్లీ చిక్కీ. వేరుశెనగ, సోబా అనే బక్‌వీట్ పిండి పడని పిల్లలు ఉంటారు, ఒక్క ముక్కకే ఊపిరాడక ప్రాణం మీదకి వస్తుంది. పెట్టాలని చెయ్యి లాగుతుంది, నాకు తెలుసు. పెట్టకు.

ఇక అసలు సంగతి. ఇది మీ మావయ్యకి తప్ప ఎవరికీ చెప్పలేదు.

1998లో మేం ఆ పక్కనే ఉండేవాళ్లం. మీ బావ అప్పుడు ఒకటో తరగతి. ఎన్‌సోకుకి సాయంగా తల్లులు కూడా రమ్మంటే నేనూ వెళ్లాను. నన్ను వరస చివర నడవమన్నారు. అప్పుడే మళ్లలోకి నీళ్లు వదిలారు, ఊడ్పులు మొదలవుతున్నాయి. ఎదురుగా కొండల మీద ఇంకా మంచు, ఆ మంచు నీడ మళ్లలో. దారి పక్కన రాతి మీద చెక్కిన దోసోజిన్, అంటే దారి కాచే దేవతా దంపతుల దగ్గర పిల్లలు ఆగి చేతులూపుతున్నారు. మన కోనసీమే చలిదేశంలో వెలిసినట్టు అనిపించి, నా ఒళ్లు నేను మరిచిపోయాను.

అక్కడ పంటకాలువని సెగి అంటారు. పెద్ద సెగి ఒకటుంది, జిక్కసెగి. 1816లో తవ్వారు, 15 కిలోమీటర్ల పొడవు. అది నేల వాలుకి అడ్డంగా పోతుంది కాబట్టి నిదానంగా పారుతుంది. చిన్న సెగిలు అలా కాదు, వాలు వెంటే కిందకి దిగుతాయి. జానెడు నుంచి బారెడు వెడల్పు, రెండు వైపులా నిలువు సిమెంటు గోడలు, అడుగున పాచి. మన బోదెల్లా మట్టి గట్టు ఉండదు, పట్టుకోవడానికి గడ్డిపోచ దొరకదు. ఇదంతా నాకు తర్వాత తెలిసింది. ఆ రోజు నా కళ్లకి అది మా ఊరి బోదె. ఎండాకాలం సెలవల్లో మీ నాన్నా నేనూ దూకి, చేపపిల్లలు పట్టుకున్న బోదె.

గాలికి ఒక పిల్లాడి పసుపు టోపీ ఎగిరి నీళ్లలో పడింది. వాడు నా వైపు తిరిగి, తీసుకోనా అని అడిగాడు. ఆ ప్రశ్న నాకు అర్థమైంది. భాష రాక తల ఊపానని చెప్పుకుంటే నా తప్పు కొంత తేలికయ్యేది, కానీ అది నిజం కాదు. మోకాలి లోతు లేదుగదా అనుకుని, తీసుకోమని తల ఊపాను.

వాడు వంగాడు. వీపున సంచి బరువుకి ముందుకి తూలి పడ్డాడు. లేచి నిలబడబోతే పాచి మీద కాలు జారింది. మంచు కరిగిన నీళ్లమ్మా అవి, కొయ్యబారిపోయాడు. కేక కూడా రాలేదు. నేను గట్టు మీద పరిగెడుతున్నాను, వాడు నాకంటే వేగంగా పోతున్నాడు. ముందు రోడ్డు ఉంది, రోడ్డు కింద తూము ఉంది. ఆ నల్లటి తూము నోరు ఇప్పటికీ కళ్లు మూస్తే కనిపిస్తుంది.

మడిలో పని చేసుకుంటున్న ఒక ముసలావిడ పరిగెత్తుకొచ్చి పార కాలువకి అడ్డం పెట్టింది. వాడి సంచి దానికి తగులుకుంది. ఇద్దరం కలిసి పైకి లాగాం. మోచెయ్యి గీరుకుపోయింది, అంతే. వాడు వణుకుతూ మొదట అడిగింది టోపీ గురించి.

నన్ను ఎవరూ ఒక్క మాట అనలేదు. సాయంత్రం టీచరుతో పాటు నేనూ వాళ్లింటికి వెళ్లాను. వాళ్ల బామ్మ టీ, నొజవనా ఆకు పచ్చడి ముందు పెట్టి, మా వాడివల్ల మీకు ఇబ్బంది కలిగిందని నాకే తల వంచింది. నన్ను తిట్టినా అంత ఏడ్చేదాన్ని కాదు.

నీకూ ఆ నీళ్లు చూడగానే మన ఊరు గుర్తొస్తుంది. నువ్వు కూడా రావులపాలెం కాలువల్లో ఈత నేర్చుకున్నదానివే. ఆ ధైర్యం చూస్తేనే నాకు భయం. అందుకే చెప్తున్నాను, నడకకి ముందు ఒక ఆదివారం ఆ దారంతా ఒక్కదానివే నడిచి చూడు. చలికాలంలో చూశానులే అనుకోకు, అప్పుడు చాలా సెగిల్లో నీళ్లే ఉండవు. ఎక్కడ కాలువ దారిని ఆనుకుని వస్తుందో, ఎక్కడ మూత లేదో, తూములు ఎక్కడున్నాయో కాగితం మీద గీసి టీచరుకి చూపించు. కొత్తదాన్ని, ఏమనుకుంటారోనని మొహమాటపడకు. నీకున్న పెద్ద జబ్బు ఆ మొహమాటమే, చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను. కాలువ ఉన్న వైపు నువ్వు నడువు, పిల్లలు నీకు ఇవతల ఉండాలి. టోపీ పోతే పోనీ. బయల్దేరేముందే వాళ్లకి చెప్పు, నీళ్లలో ఏం పడినా సరే ఎవరూ వంగకూడదని, నిన్ను పిలవాలని. ఆ ఒక్క వాక్యం జపనీసులో తప్పు లేకుండా నేర్చుకో.

పిల్లలు దారిలో నీ చెయ్యి పట్టుకుంటారు. చిన్న చేతులు, చెమట పట్టి ఉంటాయి. అలసిపోయాక నీ మీదకి ఒరిగి నడుస్తారు. ఫోటోల కోసం ఆ చెయ్యి వదలకు తల్లీ.

ఇంటికి చేరేదాకా ఎన్‌సోకు అయిపోయినట్టు కాదని అక్కడ హెడ్మాస్టర్లు పిల్లలకి చెప్తారు. మీరు మూడింటికి బడికి తిరిగొస్తే ఇక్కడ పదకొండున్నర అవుతుంది. వెంటనే ఫోన్ చెయ్యొద్దు. పిల్లలందరూ ఇళ్లకి చేరారని తెలిశాక చెయ్యి. అందాకా ఫోన్ పక్కనే పెట్టుకుని కూర్చుంటాను.

నీ మేనత్త