అగ్రిమెంటు రాశాక ఇంటి రేటు పెరిగింది.. వెనక్కి తగ్గవచ్చా?

ప్రశ్న: మా నాన్నగారు సొంత సంపాదనతో కట్టిన ఇల్లు ఒకటి ఉంది. ఆయన వీలునామా రాయలేదు. అమ్మ కూడా లేరు. అక్క, నేను ఇద్దరమే వారసులం. అక్క అమెరికాలో ఉద్యోగం చేస్తూ అక్కడే ఉంటోంది. ఏడు నెలల క్రితం ఈ ఇంటిని 85 లక్షలకు అమ్ముతానని ఒకాయనకు అగ్రిమెంటు రాసిచ్చాను. అక్క ఫోన్‌లో సరేనంది కానీ, వంద రూపాయల స్టాంపు కాగితం మీద సంతకం నేనొక్కడినే చేశాను. 10 లక్షలు అడ్వాన్సు తీసుకున్నాను. మూడు నెలల్లో మిగతా సొమ్ము చెల్లించి రిజిస్ట్రేషన్ చేయించుకోవాలని, లేకపోతే అడ్వాన్సు తిరిగి ఇవ్వనని రాసుకున్నాం. గడువు దాటి నాలుగు నెలలైంది. బ్యాంకు లోను ఆలస్యమవుతోందని ఆయన గడువు తర్వాత ఇంకో 2 లక్షలు నా ఖాతాలో వేశారు. ఈలోగా మా వైపు రేట్లు బాగా పెరిగాయి. ఇంకొకరు కోటి ఇస్తామంటున్నారు. రిజిస్టర్ కాని అగ్రిమెంటు చెల్లదని, గడువు దాటింది కాబట్టి అడ్వాన్సు కూడా నాదేనని మధ్యవర్తి అంటున్నారు. నిజమేనా? కోటి ఇచ్చేవారికి అమ్మేయవచ్చా?

జవాబు: మధ్యవర్తి చెప్పిన రెండు మాటల్లో ఏదీ పూర్తిగా నిజం కాదు. కోటి ఇస్తామంటున్న వారి దగ్గర ఇంకా ఒక్క రూపాయి కూడా తీసుకోకండి. తీసుకుంటే ఒకే ఇంటికి ఇద్దరికి మాట ఇచ్చినవారవుతారు. అప్పుడు ఇద్దరూ మీ మీద కేసు వేయగలరు.

ముందు అగ్రిమెంటు సంగతి. అమ్మకపు ఒప్పందం రాసుకున్నంత మాత్రాన ఇంటి మీద హక్కు కొనేవారికి బదిలీ కాదు. ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 54 ఆ మాట స్పష్టంగా చెబుతుంది. కానీ ‘నాకు రిజిస్టర్ చేసి ఇవ్వండి’ అని అడిగే హక్కు ఆయనకు వచ్చింది. దాన్ని కోర్టు ద్వారా అమలు చేయించుకునే దావానే స్పెసిఫిక్ పర్ఫార్మెన్స్ దావా అంటాం. అగ్రిమెంటును రిజిస్టర్ చేయించాల్సి ఉన్నా చేయించకపోతే, ఆ ఒక్క కారణంతో ఈ దావా వీగిపోదు. అలాంటి పత్రాన్ని ఈ దావాలో సాక్ష్యంగా తీసుకోవచ్చని రిజిస్ట్రేషన్ చట్టం సెక్షన్ 49లోనే ఉంది. స్టాంపు డ్యూటీ తక్కువ పడి ఉంటే, తేడా సొమ్ము, పెనాల్టీ కట్టి ఆ లోపాన్ని సరిచేసుకోవచ్చు.

రేటు పెరిగిందన్న కారణంతో ఈ దావా నుంచి తప్పించుకోవడం ఇప్పుడు మరింత కష్టం. స్పెసిఫిక్ రిలీఫ్ చట్టాన్ని 2018లో సవరించారు. అంతకు ముందు ఒప్పందాన్ని అమలు చేయించాలా వద్దా అన్నది చాలావరకు జడ్జి విచక్షణ మీద ఉండేది. 2018 అక్టోబరు 1 నుంచి, చట్టంలోని కొన్ని మినహాయింపులు వర్తిస్తే తప్ప కోర్టు అమలు చేయించాల్సిందే. ఆ మినహాయింపుల్లో ‘మార్కెట్ పెరిగింది’ అనేది లేదు. ఏడు నెలల క్రితం ఆ ఇంటికి 85 లక్షలు సరైన ధరే అనుకుని మీరు ఒప్పుకున్నారు. తర్వాత పెరిగితే ఆ లాభం కొనేవారిది. ఒకవేళ పడిపోయి ఉంటే ఆ నష్టమూ ఆయనదే అయ్యేది.

కాబట్టి మీకు పనికొచ్చేది గడువు ఒక్కటే. అందులోనూ కొన్ని చిక్కులున్నాయి.

స్థిరాస్తి ఒప్పందాల్లో గడువు తేదీ రాసుకున్నంత మాత్రాన, ఆ రోజు దాటగానే ఒప్పందం రద్దయిపోయినట్టు కాదని 1992లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. గడువే ఒప్పందానికి ప్రాణమని ఇద్దరూ అనుకున్నట్టు కాగితంలోనో, నడవడికలోనో కనిపించాలి. అయితే కొనేవారు చేతులు కట్టుకుని కూర్చోవచ్చని దీని అర్థం కాదు. 1997లో సుప్రీంకోర్టు తీర్పిచ్చిన ఒక కేసు చూడండి. 60 వేలకు ఇల్లు కొంటానని 5 వేలు అడ్వాన్సు ఇచ్చి, ఆరు నెలల గడువు పెట్టుకుని, ఆ తర్వాత రెండున్నరేళ్లు ఆయన ఉలుకూ పలుకూ లేకుండా ఉండిపోయారు. పట్టణాల్లో స్థిరాస్తి ధరలు వేగంగా పెరుగుతున్న రోజుల్లో పెట్టుకున్న గడువుకు విలువ ఇవ్వాలని చెప్పి, కోర్టు ఆయనకు ఇల్లు ఇప్పించలేదు.

మీ కొనుగోలుదారు అలా మౌనంగా ఉండిపోలేదు. గడువు దాటాక 2 లక్షలు వేశారు, మీరు ఉంచుకున్నారు. గడువును మీరే పొడిగించారని ఆయన లాయర్ వాదించడానికి ఆ బ్యాంకు ఎంట్రీ ఒక్కటి చాలు. దానికి తోడు ‘పర్లేదండీ, నిదానంగా చూసుకోండి’ అని వాట్సాప్‌లో ఎప్పుడైనా రాశారా? పాత చాట్ అంతా ఒకసారి చదవండి. దాన్ని తీసేయకండి. ఆయన ఫోన్‌లో ఎలాగూ ఉంటుంది. ‘ఇప్పుడు రేటు కోటి, మిగతా 15 కూడా ఇస్తేనే రిజిస్ట్రేషన్’ లాంటి మెసేజ్ మాత్రం ఈ రోజు నుంచి దయచేసి పెట్టవద్దు. అలా రాస్తే ఒప్పందం తప్పింది మీరేనని మీ చేతులతో మీరే రాసిచ్చినట్టవుతుంది.

మీ ఉత్తరంలో నన్ను ఎక్కువగా కలవరపెట్టింది అక్కగారి సంతకం. నాన్నగారి స్వార్జితం, వీలునామా లేదు కాబట్టి హిందూ వారసత్వ చట్టం ప్రకారం మీ ఇద్దరికీ చెరి సగం. మీ సంతకంతో అక్కగారి సగం అమ్ముడుపోదు. ‘అయితే అగ్రిమెంటే చెల్లదు కదా’ అనుకుని మీరు ఊరట పొందవచ్చు. తొందరపడకండి. మీ సగం వాటా వరకైనా ఇప్పించమని కోర్టును అడిగే దారి ఆయనకు స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం సెక్షన్ 12లో ఉంది. అక్కగారు మీతో సరేనన్నారని చూపించే మెసేజ్ ఏదైనా దొరికితే ఆమెను కూడా కేసులోకి లాగుతారు.

దీనికంటే పెద్ద సమస్య ఇంకొకటి. లోను ఎందుకు ఆలస్యమైందో మీరు రాయలేదు. బహుశా మీకూ తెలిసి ఉండదు. బ్యాంకు ప్యానెల్ లాయర్ లీగల్ ఒపీనియన్ ఇచ్చే ముందు ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ అడుగుతారు. అందులో అక్కగారి పేరు కనబడగానే ‘ఈమె కూడా సంతకం చేయాలి, లేదా పవర్ ఆఫ్ అటార్నీ తేవాలి’ అని రాసి ఫైలు పక్కన పెడతారు. మీ కేసులో జరిగింది ఇదే అయితే, ఆలస్యం కొనేవారిది కాదు, మీది. అలాంటప్పుడు గడువు గురించి మీరు మాట్లాడలేరు, అడ్వాన్సు గురించి అసలే మాట్లాడలేరు. నా దగ్గరికి వచ్చే ఇంటి తగాదాల్లో, ఎదుటివారు గడువు తప్పారని చెప్పే అమ్మకందార్ల ఫైలు తిరగేస్తే, వారి వైపే ఒక కాగితం తక్కువగా ఉండటం ఎన్నిసార్లు చూశానో చెప్పలేను.

అందుకే మొదటి పని ఇది. లోను ఏ దశలో ఆగిందో, బ్యాంకు ఏ పత్రాలు అడిగిందో రాతపూర్వకంగా చెప్పమని ఆయన్ని మర్యాదగా అడగండి. ఆ జవాబును బట్టి మీ దారి మారుతుంది.

ఆగింది అక్కగారి సంతకం దగ్గరైతే, 85 లక్షలకే ఈ అమ్మకాన్ని పూర్తి చేయమనే నేను సలహా ఇస్తాను. అక్కగారు అక్కడ నోటరీ ముందు సంతకం చేసి అపోస్టిల్ (పత్రం వేరే దేశంలో చెల్లేలా అక్కడి ప్రభుత్వం ఇచ్చే ధ్రువీకరణ) చేయించుకోవడం ద్వారా గానీ, భారత కాన్సులేట్‌లో అటెస్ట్ చేయించుకోవడం ద్వారా గానీ మీకు పవర్ ఆఫ్ అటార్నీ పంపవచ్చు. అది ఇక్కడికి చేరిన మూడు నెలల్లోపు స్టాంపు డ్యూటీ కట్టించాలి. ఈ గడువు మరచిపోయి ఇబ్బంది పడేవారు చాలామంది. 15 లక్షలు పోతున్నాయన్న బాధ నాకు అర్థమవుతుంది. కానీ దావా పడితే అది తేలేవరకు ఏళ్ల తరబడి ఆ ఇంటిని మంచి ధరకు కొనడానికి ఎవరూ ముందుకు రారు.

మీ పత్రాలన్నీ సిద్ధంగా ఉండి, అక్కగారూ సంతకానికి సిద్ధమై, ఆయన దగ్గర మాత్రం డబ్బు లేదనుకోండి. అప్పుడు లాయర్ ద్వారా స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. ఫలానా తేదీన ఫలానా సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు మిగతా సొమ్ముతో రావాలని, అదే చివరి గడువని అందులో ఉండాలి. 2 లక్షలు పుచ్చుకుని నెలల తరబడి ఊరుకున్నారు కాబట్టి, రేపే రమ్మంటే కోర్టు ఒప్పుకోదు. ఒక నెల సమయం ఇవ్వడం క్షేమం. ఆ రోజు మీరు అన్ని ఒరిజినల్ పత్రాలతో అక్కడ ఉండాలి, ఉన్నట్టు ఆధారం దాచుకోవాలి. దావా వేసే కొనుగోలుదారు తాను మొదటి నుంచీ డబ్బుతో, మనసుతో సిద్ధంగా ఉన్నానని నిరూపించుకోవాలని అదే స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం సెక్షన్ 16 చెబుతుంది. లోను తిరస్కరించిన ఉత్తరం ఆయన దగ్గరుండి, వేరే డబ్బు ఆధారం చూపలేకపోతే మీకు బలం చేకూరుతుంది.

అడ్వాన్సు మొత్తం ఉంచేసుకోవచ్చా అన్నారు. కాగితంలో రాసి ఉండటం మీకు కొంత సాయమే. 70 లక్షల ఒప్పందంలో తప్పు కొనేవారిదైనప్పుడు 7 లక్షల బయానాను (ఒప్పందం కుదిరినప్పుడే ఇచ్చే అడ్వాన్సును) అమ్మకందారు ఉంచుకోవడాన్ని 2012లో సుప్రీంకోర్టు సమర్థించింది. కానీ కాంట్రాక్టు చట్టం సెక్షన్ 74 ప్రకారం చూసేది సహేతుకమైన పరిహారాన్నే. 2015లో ఢిల్లీ డెవలప్‌మెంట్ అథారిటీ కేసు మీ పరిస్థితికి దగ్గరగా ఉంటుంది. ఆ సంస్థ ఒక కొనుగోలుదారు కట్టిన 78 లక్షల బయానాను జప్తు చేసింది. ఆ ప్లాటు మొదటి వేలంలో 3.12 కోట్లు పలికింది. మళ్లీ వేలం వేస్తే 11.78 కోట్లు వచ్చాయి. కొనుగోలుదారు తప్పు లేదని, సంస్థకు నష్టమూ జరగలేదని చెప్పి ఆ డబ్బు తిరిగి ఇవ్వమంది సుప్రీంకోర్టు. రేపు మీరు కోటికి అమ్మితే, జడ్జి అడిగే మొదటి ప్రశ్న ‘మీకు జరిగిన నష్టమేమిటి?’ అనే. తర్వాత పుచ్చుకున్న 2 లక్షలు బయానా కిందకే రావు, ధరలో భాగంగా ఇచ్చినవి. వాటిని తిరిగి ఇవ్వాల్సి ఉంటుందనే అనుకోండి.

ఏమీ చెప్పకుండా కోటి ఇచ్చేవారికి రిజిస్టర్ చేసేస్తే? పాత ఒప్పందం సంగతి తెలిసి కొన్నవారికి చట్టం రక్షణ ఇవ్వదు. ఆ రిజిస్ట్రేషన్‌ను దాటి మొదటి కొనుగోలుదారు ఇల్లు పొందగలరు. తెలియకుండా కొంటే, మోసం చేశారని ఆయన మీ మీదే కేసు పెడతారు. ఒప్పందంలో రాసిన గడువు తేదీ నుంచి మూడేళ్ల వరకు దావా వేసే సమయం మొదటాయనకు ఉంది. నాలుగు నెలలే గడిచాయి. ఊరుకుంటే సర్దుకుపోతుందనుకోవద్దు.

మిమ్మల్ని నిజంగా బయటపడేసేది ఇద్దరూ కూర్చుని రాసుకునే రద్దు ఒప్పందమే. ఆయనకు లోను రాదని తేలిపోతే ఆయనా టెన్షన్‌లోనే ఉంటారు. తీసుకున్న 12 లక్షలూ బ్యాంకు ద్వారా తిరిగి ఇచ్చేయండి. ఆయన ఖర్చుల కింద కొంత కలిపి ఇవ్వాల్సి వచ్చినా వెనకాడకండి. ఒప్పందం రద్దయిందని, ఇక ఏ హక్కూ క్లెయిమూ లేవని ఇద్దరూ సంతకం చేసి, ఒరిజినల్ అగ్రిమెంటు వెనక్కి తీసుకోండి. ఆ కాగితం చేతికొచ్చాకే కొత్తవారితో మాట్లాడండి.

కొత్తవారితో రాసుకునేటప్పుడు అక్కగారు, మీరు ఇద్దరూ సంతకం చేసి అగ్రిమెంటును రిజిస్టర్ చేయించండి. లోను రాకపోతే ఎన్ని రోజుల్లో చెప్పాలి, అడ్వాన్సులో ఎంత తిరిగి ఇవ్వాలి, గడువు పొడిగిస్తే ఇద్దరి సంతకాలతోనే పొడిగించాలి అన్నవి రాయించండి. పూర్తి డబ్బు రాకుండా తాళాలు ఇవ్వకండి. అడ్వాన్సు నగదుగా 20 వేలు, అంతకు మించి తీసుకుంటే తీసుకున్నంతా పెనాల్టీ పడవచ్చు.

పన్ను గురించి క్లుప్తంగా చెబుతాను, మిగతాది ఆడిటర్‌ను అడగండి. ఇంటి ధర 50 లక్షలు, ఆపైన ఉంటే మీ వాటా మీద కొనేవారు 1 శాతం టీడీఎస్ (మీ తరఫున ముందుగానే కట్టే పన్ను) కోసుకుంటారు. ఎన్నారై అయిన అక్కగారి వాటాకు ఈ 1 శాతం లెక్క వర్తించదు, చాలా ఎక్కువ కోస్తారు. ముందుగానే ఆదాయపు పన్ను శాఖ నుంచి తక్కువ కోత సర్టిఫికెట్ తెచ్చుకుంటే ఆమె డబ్బు ఇరుక్కుపోదు. లాభం మీద పన్ను 12.5 శాతం. 2024 జులై 23కు ముందే వచ్చిన ఇల్లయితే ఇండెక్సేషన్‌తో (ద్రవ్యోల్బణం మేరకు పాత ధరను పెంచి చూపే పద్ధతితో) 20 శాతం లెక్క కట్టి, ఏది తక్కువైతే అది కట్టే వీలు మీకుంది. ఎన్నారైలకు ఆ వీలు లేదు కాబట్టి ఒకే ఇంటికి మీ ఇద్దరి పన్ను వేరుగా రావచ్చు. అక్కగారికి ఈ విషయం ముందే చెప్పండి.

ఈ వారంలోనే అగ్రిమెంటు నకలు, 2 లక్షలు జమైన బ్యాంకు స్టేట్‌మెంటు, చాట్ ప్రింట్లు, నాన్నగారి పేరిట ఉన్న పత్రాలు, కొత్త ఈసీ (ఇంటి మీద రిజిస్టరైన లావాదేవీలు చూపే పత్రం) తీసుకుని మీ దగ్గర్లోని సివిల్ లాయర్‌ను కలవండి. కలిసేలోపు కొనుగోలుదారు ఇంకో విడత డబ్బు పంపితే, అంగీకరించడం లేదని రాసి, అదే రోజు అదే ఖాతాకు తిప్పి పంపండి.