మళ్ళీ ప్రయత్నించే ముందు

చి. సౌ. స్వాతికి పెద్దమ్మ ఆశీస్సులు.

మూడోసారి కూడా గర్భం నిలవలేదని మీ అమ్మ చెప్పింది. ఫోన్లో చెబితే నీకు గుర్తుండవని రాస్తున్నాను. ప్రసూతి వార్డులో నర్సుగా ఇన్నేళ్ళు చూసి తెలుసుకున్న సంగతులివి. డాక్టర్ దగ్గరికి ఈ కాగితం పట్టుకెళ్ళు.

స్కూటీ నడిపావనో, బొప్పాయి తిన్నావనో గర్భం పోలేదమ్మా. మొదటి మూడు నెలల్లో పోయేవాటిలో దాదాపు సగం పిండం క్రోమోజోముల్లో తేడా వల్లే పోతాయి. మంచం దిగకుండా పడుకున్నా అవి ఆగవు. నీ జాతకం వల్లేనని ఎవరైనా అంటే, వాళ్ళకి మీ ఆయన్నే జవాబు చెప్పమను.

అలాగని "ఇంకోసారి చూద్దాం" అని పంపించేసే డాక్టర్ దగ్గర ఆగిపోకు. రెండుసార్లు పోయినా పరీక్షలు అడగొచ్చు, నీకు మూడయ్యాయి. నేను పట్టుబట్టేది యాంటీఫాస్ఫోలిపిడ్ పరీక్ష గురించి. రక్తం గడ్డకట్టేలా చేసే ఆ యాంటీబాడీలు ఒంట్లో ఉంటే మాయ సరిగ్గా ఎదగదు. ఒకసారి పాజిటివ్ వస్తే సరిపోదు, కనీసం 12 వారాలు ఆగి మళ్ళీ చేయించాలి. రెండుసార్లూ వస్తే తక్కువ మోతాదు ఆస్పిరిన్, రక్తం గడ్డకట్టకుండా చూసే హెపారిన్ ఇంజెక్షన్లు ఇస్తారు. వాటితో బిడ్డల్ని ఎత్తుకున్నవాళ్ళు ఎందరో ఉన్నారు. పరీక్షలో ఏమీ తేలకుండానే హెపారిన్ రాస్తే మాత్రం ఎందుకని అడుగు.

థైరాయిడ్, షుగర్, గర్భాశయంలో అడ్డుపొర ఉందేమో చూసే త్రీడీ స్కాన్ కూడా చేయించు. కొన్ని ఇన్‌ఫెక్షన్లు ఉన్నాయేమో చూసే టార్చ్ పరీక్ష మన దగ్గర అలవాటుగా రాసేస్తారు, పదేపదే గర్భం పోవడానికి కారణం దాంట్లో తేలదు. భర్త తెల్లకణాలు ఎక్కించే చికిత్స జోలికి అసలు పోవద్దు.

జరక్కూడదు గానీ, మళ్ళీ అలా అయితే పిండం కణజాలాన్ని జెనెటిక్ పరీక్షకి పంపమను. నిల్వ ఉంచడానికి వాడే ఫార్మాలిన్ ద్రవంలో వేస్తే పాడవుతుంది, సెలైన్‌లోనే పంపాలి. హడావిడిలో ఇది మరిచిపోతారు, మీ ఆయనకి ముందే చెప్పి ఉంచు. అందులో తేడా కనిపిస్తే మీ ఇద్దరికీ కేరియోటైప్, అంటే క్రోమోజోములు చూసే రక్తపరీక్ష, చేయిస్తారు. హైదరాబాద్ నిమ్స్‌లో దీనికి మెడికల్ జెనెటిక్స్ విభాగం ఉంది.

ఇన్ని చేసినా దాదాపు సగం మందికి కారణం దొరకదు. భయపడకు, నీ వయసువాళ్ళలో అలాంటివారికి ఎక్కువమందికి ఆ తర్వాత బిడ్డ నిలుస్తుంది. ఈసారి నెల తప్పాక రక్తం కనిపిస్తే ఆ రోజే వెళ్ళు. ఇదివరకు గర్భం పోయినవాళ్ళకి అప్పుడు ప్రొజెస్టెరాన్ హార్మోన్ పెడితే మేలని 2019లో వెలువడిన బ్రిటన్ పెద్ద అధ్యయనంలో కనిపించింది. ఫోలిక్ యాసిడ్ ఇప్పటినుంచే వేసుకో.

సిక్ లీవు పెట్టి మూడో రోజే ఆఫీసుకి వెళ్ళావట. అలా ఎందుకమ్మా? గర్భం పోయినా జీతంతో ఆరు వారాల సెలవు 1961 ప్రసూతి చట్టం నాటినుంచీ ఉంది. డాక్టర్ సర్టిఫికెట్ ఇచ్చి అడుగు. రాత్రిళ్ళు నిద్ర పట్టకపోతే, ఏడుపు ఆగకపోతే 14416కి ఫోన్ చెయ్యి. అది టెలిమానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, వాళ్ళు తెలుగులోనే మాట్లాడతారు, డబ్బేమీ తీసుకోరు. మీ ఆయనా మాట్లాడొచ్చు, అతనికీ బాధ ఉంటుంది.

వచ్చే నెల నీ తోటికోడలి సీమంతానికి వెళ్ళాలని లేకపోతే మానెయ్యి. మీ అత్తగారితో నేను మాట్లాడతాను.

మీ పెద్దమ్మ